మొదటి మూడు లెవెళ్ల భయం: గోదావరి లంకలో గాథిక్ హారర్ క్యాంపెయిన్ మొదలుపెట్టడం ఎలా

బల్ల చుట్టూ కూర్చుని పాత్రలుగా ఆడే ఆట డంజియన్స్ అండ్ డ్రాగన్స్. దాని 5వ ఎడిషన్‌లో, అంటే 2014 నాటి నియమాల్లో, ఒకటో లెవెల్ విజార్డ్‌కి (మంత్రగాడికి) కాన్‌స్టిట్యూషన్ (ఒంటి దృఢత్వం) బోనస్ ఒకటుంటే చేతిలో ఉండేవి 7 హిట్ పాయింట్లు, అంటే ప్రాణం లెక్క. ఘూల్ అనే శవాలు తినే పిశాచం ఒక్కసారి కొరికితే సగటున 9 పోతాయి. కొరికినప్పుడు వేసే రెండు డైస్‌లోనూ ఆరు పడితే దెబ్బ 14. అప్పుడు డెత్ సేవ్ (చావు తప్పించుకునే డైస్) వేసే అవకాశం కూడా ఉండదు, పాత్ర అక్కడికక్కడే పోతుంది. ఈ లెక్క చూసి చాలామంది గేమ్ మాస్టర్లు, అంటే ఆట నడిపేవాళ్లు, మొదటి లెవెళ్లని ఎలుకలతో, దారిదొంగలతో గబగబా దాటించేసి అసలు కథ ఐదో లెవెల్లో ఎత్తుకుంటారు. గాథిక్ హారర్‌కి అది పెద్ద నష్టం. ఐదో లెవెల్‌కి విజార్డ్ దగ్గర ఫైర్‌బాల్ అనే నిప్పుల మంత్రం ఉంటుంది, క్లెరిక్ (దైవశక్తి గలవాడు) చచ్చినవాణ్ణి నిమిషంలోపు లేపగలుగుతాడు. భయం ఒంటికి పట్టేది ఆ ముందే, ఒక తలుపు తీయాలా వద్దా అని అయిదుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకునే రోజుల్లోనే.

అందుకే ఈ మార్గదర్శి అంతా క్యాంపెయిన్‌లో, అంటే చాలా పూటలు సాగే కథలో, ఒకటి నుంచి మూడో లెవెల్ దాకానే. నేను గట్టిగా నమ్మేది ఒకటుంది: చిన్న లెవెళ్లలో రాక్షసుణ్ణి దగ్గరికి తీసుకురాకండి. ఆ రాక్షసుడికి అలవాటు పడిపోయిన మనుషుల్ని దగ్గరికి తీసుకురండి.

మెట్టు 1: తప్పు ఎక్కడ జరిగిందో ముందు తేల్చుకోండి

పొగమంచు, కోట, గబ్బిలాలు పైపై అలంకారాలు. గాథిక్ కథ అంటే, ఒక కుటుంబం ఎప్పుడో ఒక తప్పు చేసింది, దాన్ని కప్పెట్టింది, ఆ కప్పెట్టిన చోటే ఇల్లు కట్టుకుని కాపురముంటోంది. ఆ తప్పు మీకు స్పష్టంగా తెలియకుండా మ్యాప్ గీయడం మొదలుపెడితే గదులు వస్తాయి గాని కథ రాదు.

మన డెల్టాలో ఆ తప్పుని నేలలో వెతకండి. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయలు వరదొచ్చినప్పుడల్లా ఒక గట్టు కోసుకుపోయి ఇంకోచోట ఒండ్రు మేట వేస్తాయి. నిరుడు పొలం ఉన్నచోట ఈ ఏడు నీళ్లుంటాయి, నీళ్లున్నచోట కొత్త లంక లేస్తుంది. లేచిన నేల ఎవరి పేరున రాస్తే వాళ్లది. రాసేది కరణం. ఇంతకన్నా మంచి గాథిక్ పునాది ఏ దేశంలో వెతికినా దొరకదని నా అభిప్రాయం.

నేను కట్టిన నమూనా ఇది, కావాలంటే యథాతథంగా వాడుకోండి. ఊరు కల్పితం: నల్లమేట లంక, గౌతమి సముద్రంలో కలిసే చోటుకి కాస్త ఎగువన. కాలం 1846 శ్రావణం. 1839 నవంబర్ 25న కోరంగి రేవుని ముంచేసిన ఉప్పెన ఊళ్లో అందరికీ గుర్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట పని ఇంకా మొదలవలేదు, అది 1847లో మొదలై 1852కి పూర్తయింది. కాబట్టి ఏరుకి పగ్గం లేదు. ఉప్పెన రాత్రి పల్లపు వాడల జనం పడవల మీద కొట్టుకుంటూ వచ్చి, మెరక మీదున్న దివాణం తలుపు కొట్టారు. తలుపు తెరుచుకోలేదు. నీళ్లు తీశాక వాళ్ల పొలాలన్నీ దివాణం పేరున ఎక్కాయి. ఎక్కించిన కరణం ఆ ఏడాదే పోయాడు. కవిలెకట్టలో, అంటే కరణం లెక్కల తాటాకు కట్టలో, రాత మాత్రం ఆగలేదు. ప్రతి అమావాస్యకీ తాటాకు మీద కొత్త పేరొకటి పడుతూనే ఉంది. ఆ పేరుగల మనిషి చచ్చినా, బతికున్నా, ఆ చేతి కింద ఉంటాడు.

ఆ చచ్చిన కరణమే మీ క్యాంపెయిన్ ప్రతినాయకుడు. వాంపైర్ అంకెలు తీసుకుని పేరు మార్చి వాడుకోవచ్చు. వాంపైర్ చాలెంజ్ రేటింగ్ (ఎంత గట్టి శత్రువో చెప్పే అంకె) 13 కాబట్టి మూడో లెవెల్ లోపు పాత్రలకి ఆయన మొహం కనిపించకూడదు. ఘంటం గీసిన రాత కనిపించాలి, ఆ రాత వల్ల ఊరు ఎలా నడుస్తోందో కనిపించాలి.

మెట్టు 2: కాలం ఎంచుకున్నాక చీకటిని లెక్కగట్టండి

1846లో కిరసనాయిలు లేదు. ఉన్నది ఆముదం దీపం. దాన్ని నియమాల్లోని కొవ్వొత్తిలా పరిగణించండి: 5 అడుగుల వెలుగు, ఇంకో 5 అడుగుల మసక. కాగడా అయితే 20 అడుగుల వెలుగు, మరో 20 మసక, ఒక గంట. తేడా చూడండి. ఆముదం ప్రమిద పట్టుకుని నడిచే పాత్రకి ఎదురొచ్చే మనిషి మొహం తెలియాలంటే ఆ మనిషి చెయ్యి చాచితే అందేంత దగ్గరికి రావాలి. అగ్గిపెట్టెలు పల్లెలకి రాలేదు, చెకుముకి రాయి కొట్టాలి, వానలో తడిసిన దూది అంటుకోదు.

ఈ ఆటలో పాత్రలుగా ఎంచుకోగల ఎల్ఫు, డ్వార్ఫు జాతులకి చీకట్లో చూపు ఉంటుంది. నలుగురిలో ముగ్గురు చీకట్లో చూడగలిగితే పైన చెప్పిందంతా వృథా. ఈ క్యాంపెయిన్‌లో పాత్రలన్నీ మనుషులేనని మొదటే చెప్పేయండి. లైట్ కాంట్రిప్ (వెలుగునిచ్చే చిన్న మంత్రం) ఉన్నవాళ్లని ఆపొద్దు. రాత్రి ఏటిగట్టు మీద అంత వెలుగు పట్టుకుని నడిచేవాణ్ణి అవతలి ఒడ్డు నుంచి కూడా చూడొచ్చన్నది మాత్రం ఆటలో తెలియనివ్వండి.

ఈ కాలంలో ఇంకో లాభం యానాం. అది అప్పటికి ఫ్రెంచివారిది, 1954 దాకా వాళ్ల చేతిలోనే ఉంది. ఈస్టిండియా కంపెనీ బంట్రోతు తరిమితే పారిపోవడానికి, దొంగ కాగితం రాయించుకోవడానికి, నిజం తెలిసి దాక్కున్న పాత గుమాస్తాని వెతకడానికి పడవ దూరంలో ఇంకో రాజ్యం ఉందన్నమాట. డచ్చివారు 1825లో తమ రేవులు అప్పగించి వెళ్లిపోయారు, ద్రాక్షారామం దగ్గర వాళ్ల సమాధులు మిగిలాయి. అవి మూడో లెవెల్ తర్వాత పనికొస్తాయి, ఇప్పుడే తెరవకండి.

మెట్టు 3: ఆటకి ముందు ఆటగాళ్లతో కూర్చోండి

ఇది మానేస్తే మిగతాదంతా మానేయడమే మేలు. మన ప్రాంతంలో వరద, తుఫాను కథావస్తువులు కావు, ఇళ్లల్లో జరిగినవి. 1996 నవంబర్ 6 నాటి తుఫానులో కోనసీమలో మనిషిని పోగొట్టుకున్న ఇంటి బిడ్డ మీ బల్ల దగ్గర కూర్చుని ఉండొచ్చు. నీళ్లలో మునిగి చనిపోవడం గురించి ఎంతవరకు చెప్పొచ్చో అడగండి. ఆటలోకి అసలు రాకూడనివి, వచ్చినా తెర వెనకే జరగాల్సినవి అని రెండు జాబితాలు రాయించండి. బల్ల మధ్యలో ఒక కార్డు పెట్టి, ఎవరు ముట్టుకున్నా కారణం అడక్కుండా ఆ సన్నివేశం వదిలేస్తానని మాటివ్వండి. మాట నిలబెట్టుకోండి.

పల్లపు వాడల జనానికి మెరక మీది వాళ్లు తలుపు తీయకపోవడం అంటే మన దగ్గర అర్థమేమిటో అందరికీ తెలుసు. కులం ప్రస్తావన తెచ్చేది, తేనిది, తెస్తే ఎలా తెచ్చేది ముందే మాట్లాడుకోండి. దాచి ఆడితే ఎవరో ఒకరు నొచ్చుకుంటారు.

రెండు విషయాల్లో నేను రాజీపడను. ఒకటి, చిల్లంగి, అంటే చేతబడి. ఆ అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన ఘటనలు నిజంగా జరిగాయి. ఒంటరి ముసలమ్మని మంత్రగత్తెగా పెట్టి, ఆమె నిజంగానే దోషి అని తేల్చే కథ రాయకండి. ఊరి అనుమానమే భయంగా ఉండనివ్వండి, ఆమెని కాపాడటం పాత్రల పనిగా పెట్టండి. రెండు, గ్రామదేవత. నూకాలమ్మనో మరిడమ్మనో పిశాచంగా మార్చకండి. గుడి ఈ ఆటలో పాత్రలు కళ్లు మూసి నిద్రపోగలిగే ఒకే ఒక్క చోటు కావాలి. అలాంటి చోటు లేకపోతే ఆటగాళ్లు రెండు సెషన్లలో మొద్దుబారిపోతారు, తర్వాత ఏం చూపించినా చలించరు.

చివరగా ప్రతి పాత్రకీ నల్లమేటతో ఒక ముడి వేయించండి. ఒకరి మేనత్త ఆ ఊరి కోడలు, ఒకరి తండ్రి దివాణానికి బాకీ, ఒకరి అన్న ఉప్పెనలో దొరక్కుండా పోయాడు. ముడి లేని పాత్ర మొదటి రాత్రే పడవెక్కి వెళ్లిపోతుంది, వెళ్లిపోవడమే తెలివైన పని కూడా.

మెట్టు 4: మొదటి సాహసం, ఒక ఇల్లు, ఒక రాత్రి, ఒక్క జాంబీ

ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం, క్యాంపెయిన్ నిలబడేది దీని మీదే.

పొద్దుగూకే వేళ పాత్రలు రేవులో దిగుతారు. ఆ రాత్రికి మేనత్త ఇంట్లో బస. ఆవిడ కాళ్లకి నీళ్లిస్తుంది, "రండి బాబూ, ఎంత ఆకలి మీదున్నారో ఏవిటో, వడ్డించేస్తాను" అంటుంది. వాళ్లు అయిదుగురు. ఆరు అరిటాకులు వేస్తుంది. ఆరో ఆకు నూతివైపు గుమ్మానికి ఎదురుగా. ఆరో ఆకులోనూ అన్నం, పప్పు, వంకాయ కూర, నెయ్యి. "అత్తయ్యా, ఇంకెవరైనా వస్తారా?" అని అడిగితే, "వాడు ఆలస్యంగా వస్తాడులే, మీరు కానివ్వండి" అని మజ్జిగ తేవడానికి లోపలికెళ్తుంది. ఇంతే చెప్పి ఆగండి. ఆటగాళ్లు అడిగినదానికే జవాబివ్వండి. పక్కింటి వాళ్లని అడిగితే వాళ్లూ మాట మారుస్తారు. తెల్లారి చూస్తే ఆకు ఖాళీ, చుట్టూ తడి ఇసుక, ఆకు కింద ఉప్పునీటి చెమ్మ.

గోదావరి జిల్లాల మర్యాద ఈ ఆటలో మీ దగ్గరున్న గొప్ప ఆయుధం. కొసరి కొసరి వడ్డించడం, వెళ్తానంటే "ఆయ్, ఈ పూటకి ఉండిపోండి" అని చెయ్యి పట్టుకోవడం, ఇవన్నీ ప్రేమతోనే చేసేవి. అందుకే ఆ చెయ్యి కాస్త ఎక్కువసేపు పట్టుకుని ఉందని చెబితే చాలు. మీరు గొంతు మార్చి భయపెట్టనక్కర్లేదు. ఆతిథ్యం ఎంత నిజాయితీగా ఉంటే భయం అంత గట్టిగా పడుతుంది.

రెండో రాత్రి వచ్చేవాడు ఆవిడ కొడుకు, ఉప్పెనలో పోయినవాడు. నియమాల ప్రకారం మామూలు జాంబీ: ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే డైస్ అందుకోవాల్సిన అంకె) 8, హిట్ పాయింట్లు 22, చాలెంజ్ రేటింగ్ పావు. ఒక్కడు చాలు. జాంబీకి ఒక గుణముంది: హిట్ పాయింట్లు సున్నాకి పడినప్పుడు, 5కి ఆ దెబ్బ కలిపి వచ్చిన అంకె మీద కాన్‌స్టిట్యూషన్ సేవ్ (20 ముఖాల డైస్) వేస్తుంది, గెలిస్తే ఒక్క పాయింట్‌తో నిలబడుతుంది. రేడియంట్ (దివ్యకాంతి) దెబ్బకి, క్రిటికల్ (డైస్ మీద 20 పడిన) దెబ్బకి మాత్రం ఆ అవకాశం లేదు. 6 పాయింట్ల దెబ్బతో పడితే దాటాల్సింది 11, దానికి బోనస్ 3 ఉంది, అంటే సగానికి పైగా లేస్తాడు. ఈ డైస్‌ని తెర వెనక వేయకండి. అందరూ చూస్తుండగా వేయండి. కత్తిదెబ్బకి మోకాళ్ల మీద కూలి, నోట్లోంచి నీళ్లు కారుతుంటే, మళ్లీ ఆకు ముందుకి జరిగి కూర్చునే ప్రయత్నం చేస్తాడని చెప్పండి. వాడు కొట్టడానికి రాలేదు, అన్నం తినడానికి వచ్చాడు. కాని ఈసారి మెడలో తాటాకు ముక్క వేలాడుతోంది, దాని మీద పాత్రల్లో ఒకరి ఇంటిపేరు ఉంది. తిన్నాక ఆ మనిషిని వెంటబెట్టుకుని ఏట్లోకి తీసుకెళ్లమని ఆజ్ఞ.

ఇప్పుడు పాత్రలేం చేస్తారు? తల్లి చూస్తుండగా కొడుకుని నరుకుతారా, ఆకు వేయొద్దని ఆవిడ్ని ఒప్పిస్తారా, తాటాకు తెంపి ఏమవుతుందో చూస్తారా? ఏది చేసినా పర్వాలేదు. ఒక్కటే సరైన దారి అని మీరు అనుకోకండి. చేసినదాన్ని ఊరు గుర్తుపెట్టుకోవాలి, అంతే. కొడుకుని నరికితే మర్నాటి నుంచి ఆ ఊళ్లో ఎవరూ వాళ్లకి అన్నం పెట్టరు.

ఆధారాల సంగతి. ఆటగాళ్లకి కచ్చితంగా తెలియాల్సిన ప్రతి విషయాన్నీ మూడు చోట్ల పెట్టండి. ఒకటి చూడరు, ఒకటి తప్పుగా అర్థం చేసుకుంటారు, మూడోది కథని నడిపిస్తుంది. ఇక్కడ తెలియాల్సింది "చచ్చినవాళ్లని కరణం రాత నడిపిస్తోంది" అని. మెడలో తాటాకు ఒకటి. అమావాస్య నాడు దివాణంలో ఘంటం గీకుతున్న చప్పుడు విన్నానని పడవవాడు తాగి చెప్పేది రెండు. మేనత్త దేవుడి గూట్లో దాచిన అలాంటి తాటాకే మరొకటి మూడు, దాని మీద ఆవిడ పేరే ఉంటుంది.

ఒకటో లెవెల్ నుంచి రెండుకి 300 అనుభవ పాయింట్లు కావాలి. ఒక జాంబీకి వచ్చేవి 50, అవీ అందరూ పంచుకోవాలి. పాయింట్లు లెక్కేస్తే ఆటగాళ్లు చంపడానికి వెతుక్కుంటారు. ఆ లెక్క మానేసి, ఈ ఇంటి రహస్యం తెలిసిన రాత్రికి అందరినీ రెండో లెవెల్‌కి ఎక్కించండి.

మెట్టు 5: రెండో సాహసం, మండువా లోగిలి

దివాణం మ్యాప్ కోసం పరాయి కోటల నక్షాలు వెతకకండి. వీధరుగు, నడవా, మధ్యలో ఆకాశానికి తెరిచి ఉన్న మండువా, చుట్టూ గదులు, వెనక ధాన్యం గాదె, దొడ్డి, నుయ్యి. నాలుగు వైపుల నుంచీ కప్పు లోపలికి వాలి, వానంతా ఇంటి నడిబొడ్డునే పడుతుంది. ఏ గదిలోంచి ఏ గదిలోకి వెళ్లాలన్నా మండువా కనబడుతూనే ఉంటుంది, అవతలి వసారాలో నిలబడ్డది కూడా మిమ్మల్ని చూస్తూనే ఉంటుంది. వాన రాత్రి పెట్టండి, అడుగుల చప్పుడు ఎవరికీ వినబడదు.

ఇక్కడ షాడో అనే నీడపిశాచాన్ని ఒకే ఒక్కదాన్ని వాడండి. చాలెంజ్ రేటింగ్ అర అని చూసి మోసపోవద్దు. తగిలిన ప్రతిసారీ స్ట్రెంగ్త్ (బలం) 1 నుంచి 4 దాకా తగ్గిపోతుంది, సున్నాకి వస్తే మనిషి పోతాడు. విజార్డ్ స్ట్రెంగ్త్ 8 అయితే రెండు గట్టి దెబ్బలు చాలు, హిట్ పాయింట్లు నిండా ఉన్నా లాభం లేదు. మామూలు కత్తులు సగమే పనిచేస్తాయి. కాని ఎండలో దానికి ప్రతి డైస్ మీదా నష్టమే. తెల్లవారేసరికి మండువాలోకి ఎండ దిగుతుంది. అంటే ఈ ఇంట్లో గెలుపు అంటే కత్తియుద్ధం కాదు, పొద్దు పొడిచేదాకా బతికుండటం. ఆ సంగతి సాయంత్రమే పనివాడి నోట వినిపించండి: "పగలు మండువాలో కూచుంటే ఏం కాదండి, చీకటి పడ్డాకే ఆ గదుల వైపు ఎవరూ ఎళ్లరండి."

రెండో లెవెల్‌కి క్లెరిక్‌కి టర్న్ అన్‌డెడ్, అంటే చచ్చి తిరిగేవాటిని తరిమే శక్తి, వస్తుంది. దాన్ని పనిచేయకుండా చేసే ఉపాయాలు వెతక్కండి, ఆటగాడు సంపాదించుకున్న శక్తి అది. తరిమితే షాడో పారిపోతుంది. ఎటు పారిపోతుందన్నదే మీ చేతిలో ఉంది. పిల్లలు పడుకున్న పక్క గదిలోకి పోతే పాత్రలు వెంటపడక తప్పదు.

ఆ రాత్రి వాళ్లకి దొరకాల్సింది గాదెలో ధాన్యం కింద ఉన్న కవిలెకట్ట. అది చేతికి అందగానే మూడో లెవెల్.

మెట్టు 6: మూడో సాహసం, తాటాకు కాల్చాలా వద్దా

దీనికి మ్యాప్ పెద్దగా అక్కర్లేదు. మడ అడవి అంచున దివాణం మనుషులు నలుగురు, వాళ్ల వెనక అస్థిపంజరాలు రెండు మూడు, పోటు వస్తున్న నీళ్లు, చాలు. అస్థిపంజరం హిట్ పాయింట్లు 13, మూడో లెవెల్‌కి తట్టుకోగలరు. పోరాటం తొందరగా ముగించండి.

కథంతా కవిలెకట్టలో ఉంది. తాటాకు కాలిస్తే ఆ పేరుగల మనిషికి విముక్తి. కాని ఆ తాటాకు మీదే ఫలానా పొలం చెక్క ఫలానా వాళ్లదని పాత రాత కూడా ఉంది, దివాణం దోచుకున్న పొలానికి మిగిలిన ఒకే సాక్ష్యం. కంపెనీ కచేరీలో అది చూపిస్తే పిల్లలకి నేల తిరిగి వస్తుంది, తండ్రి మాత్రం ఏట్లోనే నడుస్తూ ఉంటాడు. కాలిస్తే తండ్రి పోతాడు, పిల్లలు కూలికి పోతారు. ప్రతి తాటాకుకీ ఒక ఇల్లుంది. పాత్రలు ఆ ఇళ్లకి వెళ్లి అడగాలి. మేనత్త ఏం కోరుకుంటుందో నేను ముందే రాసిపెట్టుకోను. మొదటి రాత్రి ఆవిడతో వాళ్లు ఎలా ప్రవర్తించారో దాన్నిబట్టి ఆవిడ నోటికి మాట వస్తుంది.

నకలు రాసుకుంటే పోదా అని తెలివైన ఆటగాడు తప్పకుండా అడుగుతాడు. రాసుకోనివ్వండి. నకలు రాసినవాడి చేతిరాత క్రమంగా కరణం చేతిరాతలా మారుతుంది. నాలుగో లెవెల్‌కి దారి అదే.

బల్ల దగ్గర గుర్తుంచుకోవాల్సినవి

సెషన్ మూడు గంటలు దాటనివ్వకండి, భయం అంతకన్నా ఎక్కువసేపు నిలవదు. మధ్యలో టీ తాగండి, నవ్వుకోండి. వాసనలు చెప్పండి: ఒండ్రు, ఎండుచేప, తడిసిన వరిగడ్డి, ఆముదం పొగ. రక్తం గురించి తక్కువ చెప్పండి.

పాత్ర చస్తే ఆ ఆటగాడు వెంటనే ఇంకో పాత్రతో రావడానికి వీలుగా ఊళ్లో ఇద్దరు ముగ్గుర్ని ముందే పరిచయం చేసి ఉంచండి, పడవవాడి తమ్ముడో, గుళ్లో పూజారి మేనల్లుడో. చచ్చిన పాత్ర పేరు కవిలెకట్టలో ఎక్కుతుంది. దానికి ఆ ఆటగాడి అనుమతి తీసుకోండి. ఒప్పుకుంటే కొన్ని సెషన్ల తర్వాత ఆ పాత్ర రేవులో ఎదురొస్తుంది, అప్పుడు దాని మాటలు ఆ ఆటగాడి చేతే చెప్పించండి.

జాంబీ, అస్థిపంజరం, ఘూల్, షాడో, వాంపైర్ అంకెలన్నీ 2023లో క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేసిన ఉచిత నియమాల పత్రంలో ఉన్నాయి, పుస్తకాలు కొనక్కర్లేదు. ప్రతి సెషన్ అయ్యాక మూడు సంగతులు రాసిపెట్టుకోండి: పాత్రలు ఎవరికి ఏం మాటిచ్చారు, ఎవరి ఇంట్లో అన్నం తిన్నారు, ఏ తాటాకు ఎవరి దగ్గరుంది. కరణం వాళ్ల ముందుకొచ్చే రోజున మాట్లాడేది ఈ మూడింటి గురించే.